చేదు సీసా, అండాలమ్మ కాలు

ఫుడ్ టెక్నాలజీ చదివి జ్యూస్ కంపెనీల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు కౌకూర్‌లోని మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మేడమ్, ఈ లైన్‌లో ఏం నేర్చుకోవాలి?" అని అడిగి పెన్ను తీస్తారు. ఆ పెన్ను జేబులో పెట్టుకోమంటాను. రసాన్ని ఎంత వేడి చేయాలి, పులుపు ఎంత ఉండాలి అన్నది మీ పుస్తకాల్లో నాకంటే బాగా రాసి ఉంది. నేను చెప్పేది వేరే. మనం చేసేది దాహానికి తాగే రసం. కొనేవాడు మాత్రం దాంట్లో తన రోగానికి మందు వెతుక్కుంటాడు. ఆ మనిషి ఎదురుగా నిలబడి నోరు విప్పాలా, మూసుకోవాలా అన్నదే ఈ ఉద్యోగంలో అసలు కష్టం. మా ఓనరు మాధవరెడ్డి అది తేల్చుకోకుండా నాన్చాడు. ఆయన తల్లి అండాలమ్మ కాలు పోయేదాకా వచ్చింది. నేను రాయాలనుకున్నది ఆ సంగతి. ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు, ఫైళ్లు నాకు గుర్తు లేవు. గుర్తుంచుకునేంత గొప్పవీ కావు.

రేకుల షెడ్డు

గుండ్లపోచంపల్లిలో హైవే నుంచి కాస్త లోపలికి, ఒక గోదాముకూ అట్టపెట్టెల ఫ్యాక్టరీకీ మధ్య ఇరుక్కున్న రేకుల షెడ్డు మాది. నేను చేరేనాటికి అందులో పండ్ల గుజ్జు తీసే మెషీను, రసం కాచే పెద్ద స్టీలు కెటిల్, సీసాలు నింపే చిన్న మెషీను, లెక్కలేనన్ని ఈగలు ఉన్నాయి. అంతకుముందు ఒక పెద్ద బిస్కెట్ ఫ్యాక్టరీ ల్యాబులో తెల్లకోటు వేసుకుని పనిచేసినదాన్ని. ఇక్కడ ల్యాబు అంటే కిటికీ పక్కన ఒక బల్ల.

"ఇదేనా?" అన్నాను.

"గింతే మేడమ్. మీరొస్తే పెద్దగైతది" అన్నాడు మాధవరెడ్డి.

అంత సిగ్గులేకుండా పొగిడినవాణ్ని నేను అంతవరకు చూడలేదు. నవ్వొచ్చింది. చేరిపోయాను.

ఆయనది రావల్కోల్‌లో భూములున్న కుటుంబం. చాలా ఏళ్లు ప్లాట్ల వ్యాపారం చేశాడు. అది వదిలి ఈ గొడవలోకి ఎందుకు దిగారని అడిగితే, "ఊకె భూములమ్ముకుంట తిరిగి తిరిగి మనసు ఖరాబైంది మేడమ్. జనం నోట్లె ఏదన్న మంచిది వెడదామని" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. మా నాయిన బొల్లారంలో టైలరు. తన చేత్తో కుట్టిన చొక్కా ఎవరైనా వేసుకుని వెళ్తుంటే వీధి మలుపు తిరిగేదాకా చూసేవాడు. మాధవరెడ్డి కూడా అంతే. కిరాణా కొట్టులో మా సీసా కనిపిస్తే బండి ఆపి, లేబుల్ ముందుకు తిప్పి పెట్టి వచ్చేవాడు.

మేం చేసేవి నాలుగైదు రకాలే. ఉసిరి-అల్లం, జామ-తులసి, నన్నారి-నిమ్మ, ఎండాకాలంలో బత్తాయి-పుదీనా. కానీ నాకు ఇప్పటికీ కలలోకి వచ్చేది నేరేడు సీజనే. తొలి వానలు పడగానే ట్రేలకు ట్రేలు దిగేవి. షెడ్డంతా వగరు వాసన. పండ్లు కడిగే బల్ల దగ్గర పెద్ద దిక్కు బాలమణి. ఆమె పాట మొదలుపెడితే మిగతా ఆడవాళ్లు అందుకునేవారు. సాయంత్రానికి అందరి చేతులూ మోచేతుల దాకా ఊదారంగు. ఎంత రుద్దినా పోయేది కాదు. మేడ్చల్ బస్సెక్కితే కండక్టరు, "ఏందక్కా, అందరు గలిసి ఎవల్ని గొట్టొస్తున్నరు?" అని ఆటపట్టించేవాడు. "టికెట్ అడిగినోన్ని" అనేది బాలమణి. బస్సంతా నవ్వు.

అండాలమ్మ నాకు పరిచయమైంది ఆ సీజన్లోనే. పిలవకుండానే రావల్కోల్ నుంచి వచ్చి, బోర్లించిన ట్రే మీద కూర్చుని, దెబ్బతిన్న పండ్లు ఏరేది. చిన్న మనిషి, గొంతు మాత్రం షెడ్డు దాటి వినిపించేది. షుగరు చాలా ఏళ్లుగా ఉంది. మధ్యాహ్నం బువ్వ ముందర నడుముకు చెక్కుకున్న చిన్న సంచిలోంచి గోలి తీసి, నీళ్లు అడిగి మింగేది. నన్ను "బిడ్డా" అనేది. ఓనరు తల్లినన్న గర్వం ఆమెలో ఎక్కడా లేదు. కొడుకు గొప్పవాడన్న గర్వం మాత్రం బోలెడు. ఎవరి పెళ్లికి వెళ్లినా మా సీసాలు సంచిలో పెట్టుకుని, "మా మాధవడు జేసిండు, తాగుండ్రి" అని పంచేది. అమ్మ ఎన్ని పట్టుకుపోయినా కొడుకు అడ్డం చెప్పేవాడు కాదు.

సోడా అయిన అల్లం రసం

ఓనర్ల గురించి ఒక్క మాట. మంచి ఓనరంటే తప్పు చేయనివాడని అనుకుంటే ఈ లైన్‌లో మీకు ఉద్యోగం దొరకదు.

మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాలుకు ఉసిరి-అల్లం సీసాలు పంపాలి. రసం కాగుతుండగా కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. కెటిల్ చల్లబడిపోయింది. మళ్లీ మొదటినుంచి కాయాలన్నాను. బయట బండి వచ్చి హారన్ కొడుతోంది. మాధవరెడ్డి అటు చూసి ఇటు చూసి, "జల్దీ నింపుండ్రి, ఏం గాదు" అన్నాడు. నేను భోజనానికి వెళ్లి వచ్చేసరికి బండి వెళ్లిపోయింది.

పెళ్లిలో మూతలు టపటపా ఎగిరాయట. పెళ్లికొడుకు మేనమామ పట్టుచొక్కా మీద రసం పడ్డదట. సరిగ్గా కాగని రసం సీసాలో పులిసి పొంగింది మరి. నాకు ఒళ్లు మండిపోయింది.

"సోడా అనుకుంటరు తియ్యుండ్రి మేడమ్" అన్నాడు.

"అనుకోరు. కల్లు అనుకుంటారు" అన్నాను.

రెండ్రోజులు నాతో ముభావంగా ఉండి, ఆ తర్వాత వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. "మీరన్నదే కరెక్ట్. ఇగ మీరు సరే అంటెనే బండి కదులుతది" అన్నాడు. ఆ మాట నేను రిటైరయ్యేదాకా నిలబెట్టుకున్నాడు. తప్పు ఒప్పుకునే మనిషే. కానీ ఆలస్యంగా, ఏదో ఒకటి పగిలాక ఒప్పుకునేవాడు. అలాంటి ఓనరు దొరికితే వదులుకోకండి. పగలకముందే గట్టిగా పోట్లాడండి.

చెరువు దగ్గర స్టాలు

షామీర్‌పేట చెరువు వైపు పొద్దున్నే వాకింగ్‌కు వచ్చేవాళ్ల కోసం ఒక చిన్న స్టాలు పెట్టాం. కాకర, నేరేడు, ఉసిరి కలిపి, చక్కెర వేయకుండా ఒక రసం చేశాం. దానికి మేం పెట్టిన పేరు ఎవరి నోటా తిరగలేదు. అందరూ "చేదు సీసా" అన్నారు. అదే ఖాయమైంది. నాలుక మీద పడితే కళ్లు గట్టిగా మూసుకోవాల్సిందే. అయినా విపరీతంగా అమ్ముడుపోయింది. మన జనానికి చేదుగా ఉన్నదేదైనా మంచిదేనని ఒక నమ్మకం.

లేబుల్ మీద రోగం పేరు ఒక్కటీ రానివ్వలేదు. అది నా పట్టు. రూలూ అదే. కానీ స్టాలు దగ్గర లేబుల్ ఎవరు చూస్తారు? మాట వింటారు. రిటైరైన బ్యాంకు సారు ఒకాయన రోజూ వచ్చేవాడు. చొక్కా ఇస్త్రీ నలగనివాడు, గొంతు మైకు అక్కర్లేనిది. "నా షుగర్ దిగింది! గీ జ్యూస్ కమాల్!" అని చెరువు అవతలికి వినిపించేలా చెప్పేవాడు. పక్కనున్నవాళ్లు ఇంకో గ్లాసు పోయించుకునేవారు. మాధవరెడ్డి అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. చేతులు కట్టుకుని నవ్వేవాడు.

"ఇది మందు కాదని చెప్పండి సార్" అని నేను చెవిలో పోరేదాన్ని.

"మనమంటలేము గద మేడమ్. వాళ్లే అంటున్నరు. అడ్డం జెప్తె మంచిగుంటదా?"

"నవ్వకండి మరి."

"నవ్వుతె గూడ తప్పేనా?" అని మళ్లీ నవ్వేవాడు.

ఆ నవ్వు చాలు. వినేవాడికి అది సంతకం లాంటిది. ఇంట్లో కూడా అదే నవ్వు. అండాలమ్మ రోజూ ఒక గ్లాసు తాగి, "నీ రసంతోని నా పాణం లేసొచ్చింది కొడుకా" అంటే, పొంగిపోయి ఇంకో పెట్టె ఇంటికి పంపేవాడు.

బోనం ఎత్తిన కాలు

ఆ ఏడు తొలి జల్లులు పడి ఆగిపోయాయి, ఆషాఢం వచ్చినా ఎండలే. అండాలమ్మ ఎప్పట్లాగే అమ్మవారికి బోనమెత్తింది. చెప్పుల్లేకుండా, తలమీద కుండ, కాలుతున్న తారురోడ్డు. అరికాలు బొబ్బలెక్కింది. ఏళ్ల తరబడి షుగరుంటే కాలికి స్పర్శ తగ్గిపోతుంది. ఆమెకు నొప్పి తెలియలేదు. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుని మామూలుగా షెడ్డుకు వచ్చి పండ్లు ఏరుతూ కూర్చుంది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం బాలమణి నా బల్ల దగ్గరికి వచ్చింది. "మేడమ్, జర అవ్వ కాలు సూడుండ్రి. జరమొచ్చి పెయ్యి కాలిపోతాంది. నన్ను ముట్టనిస్తలేదు."

నేను వెళ్లి గుడ్డ విప్పాను. కుళ్లిన పండ్ల వాసనకు అలవాటుపడ్డ ముక్కు నాది. ఆ వాసనకు మాత్రం వెనక్కి జరిగాను. వేళ్ల దగ్గర నల్లబడి ఉంది. మాధవరెడ్డి పరుగెత్తుకొచ్చాడు. కారు ఎవరో తీసుకెళ్లారు. సీసాలు వేసుకుపోయే ట్రాలీ ఆటోలోనే ఆమెను పడుకోబెట్టి దవాఖానకు తీసుకెళ్లాం. "ఏం గాలే, ఎందుకింత పరేషాన్ అయితరు" అని ఆమె దారంతా మమ్మల్నే ఓదార్చింది.

డాక్టరమ్మ చూసి పెదవి విరిచింది. రక్తంలో షుగరు ఆకాశానికి పోయి ఉంది. "మందులు వాడుతున్నారా?" అని అడిగింది. "రోజు ఏసుకుంటది" అన్నాడు మాధవరెడ్డి. అండాలమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. నాకు అప్పుడు తట్టింది. ఈ మధ్య ఆమె మధ్యాహ్నం పూట నీళ్లు అడగడం లేదు.

"అమ్మా, గోలీలు?" అన్నాడు కొడుకు.

"బంద్ వెట్టిన."

"ఎవలు జెప్పిండ్రు నీకు?"

"ఎవలు జెప్తరు బిడ్డా? ఊరోళ్లందరికి నువ్వు మందు జేసిస్తుంటివి. నీ తల్లినై నేను ఇంకొకల గోలీలు మింగితె నీకు నామోషి గాదా?"

మాధవరెడ్డి వరండాలోకి వెళ్లిపోయాడు. నేను వెనకాలే వెళ్లాను. గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. అంత పెద్ద మనిషి అలా వెక్కి వెక్కి ఏడవడం చూడలేకపోయాను.

"మేడమ్, నేను అమ్మకు ఎన్నడన్న గోలీలు ఆపుమని జెప్పిన్నా?"

"లేదు సార్."

"ఆపొద్దని జెప్పిన్నా?"



పాదం మొత్తం తీయాల్సి రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. మందులు పనిచేస్తాయా లేదా చూడాలంది. ఆ రోజుల్లో షెడ్డులో ఎవరూ పాట పాడలేదు. నేరేడు ట్రేలు వస్తూనే ఉన్నాయి, మేం గుజ్జు తీస్తూనే ఉన్నాం. బాలమణి రోజూ పొద్దున నా ముఖం చూసి పనిలోకి వెళ్లేది. చివరికి రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది. ఆ కబురు విని బాలమణి కడిగే బల్ల మీద తల పెట్టి భోరుమంది.

పొయ్యని గ్లాసు

మాధవరెడ్డి చేదు సీసా ఆపేశాడు. సీసాలు నింపే మెషీను దగ్గరికి కూడా వెళ్లేవాడు కాదు. మంచం మీదున్న అండాలమ్మకు తెలిసి మండిపడ్డది.

"నీ రసమేం పాపం జేసింది? నా తెలివి తక్కువైతె దాని మీద పడతవేంది? గా ఆడోళ్ల పని ఏంగావాలె?"

డాక్టరమ్మ కూడా అదే అంది. తాగితే తాగండి, గోలీలు మాత్రం మానొద్దు, ఏం తాగుతున్నదీ నాకు చెప్పండి అంది. అండాలమ్మకు చిన్న గ్లాసులో సగం వరకు సరేనంది. చేదు సీసా మళ్లీ మొదలైంది. కానీ తల్లికి మాత్రం మాధవరెడ్డి చుక్క పోయలేదు. అడిగితే రేపన్నాడు, అయిపోయిందన్నాడు. ఆయన భయం నాకు అర్థమయ్యేది. ఆమెకు మాత్రం, కొడుక్కి తన మీద కోపం పోలేదేమో అనిపించేది. "వేళ్లు పోతె పోయినయ్ బిడ్డా, వాడు నాకు గ్లాసు అందిస్తలేడు" అని నాతో అని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

స్టాలు దగ్గర నేను ఒక బోర్డు పెట్టించాను. "ఇది మందు కాదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మానవద్దు" అని పెద్ద అక్షరాలతో. జనం దానికి సైకిళ్లు ఆనించేవారు. తర్వాత కాలు మానాక అండాలమ్మే వచ్చి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. డాక్టరు ఇచ్చిన ప్రత్యేకమైన చెప్పులు తొడుక్కునేది. వచ్చినవాళ్లనల్లా, "గోలి ఏసుకున్నవా? డాక్టరుకు జెప్పినవా?" అని నిలదీసేది. జనం ముసలామె చాదస్తం అనుకుని నవ్వి తాగిపోయేవారు. కాలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొడుకు పేరు చెడుతుందని.

ఒక పొద్దున బ్యాంకు సారు కొత్తవాళ్ల గుంపును వెంటబెట్టుకుని వచ్చాడు.

"నా మాటినుండ్రి. నేను గోలీలన్ని బంద్ వెట్టిన. గిప్పుడు గీ జ్యూసే నా మందు. ఏమంటవ్ రెడ్డీ!"

మాధవరెడ్డి చేతిలో జగ్గు ఉంది. ఆ పాత నవ్వు ఆయన ముఖం మీదికి రావడం చూశాను. అలవాటు కదా. సగం వచ్చి ఆగిపోయింది. జగ్గు కింద పెట్టాడు.

"సార్, మీకు పొయ్యను."

"మజాకా?"

"మజాక్ గాదు సార్. మా అమ్మ గూడ గిట్లనే బంద్ వెట్టింది. నా కొడుకు రసం ఉండంగ గోలీలెందుకని." కుర్చీలో ఉన్న తల్లి ముందు నేలమీద కూర్చున్నాడు. ఆమె వద్దన్నట్టు కాలు వెనక్కి లాక్కుంది. "పట్టనియ్యమ్మా" అన్నాడు. చెప్పు విప్పి, ఆ పాదాన్ని అరచేతిలోకి తీసుకుని అందరికీ చూపించాడు. "సూడుండ్రి."

గుంపులో ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. బ్యాంకు సారు ముఖం కందిపోయింది.

"మరి ఇన్నొద్దులు నేను మొత్తుకుంటుంటె నవ్వుకుంట నిలవడ్డవేంది? అప్పుడెందుకు జెప్పలే?"

"జెప్పాలె సార్. మస్తు అమ్ముడువోతాంది గద అని ఊకున్న. నాదే తప్పు."

ఆయన విసురుగా వెళ్లిపోయాడు. గుంపు కూడా ఆయన వెనకే వెళ్లింది. కబురు పాకి, చాలాకాలం స్టాలు వెలవెలబోయింది. బ్యాంకు సారు ఆ తర్వాత ఎప్పుడో గోలీల పట్టీ జేబులో పెట్టుకుని తిరిగొచ్చి అండాలమ్మకు చూపించాడు. మెల్లగా మిగతావాళ్లూ వచ్చారు. కంపెనీ ఇవాళ్టికీ ఉంది. కానీ నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ పొద్దుటి సంగతే.

స్టాలు దగ్గర మేం ముగ్గురమే మిగిలాం. జగ్గు నిండుగా అలాగే ఉంది. మాధవరెడ్డి చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు. అండాలమ్మ నడుము సంచిలోంచి గోలి తీసింది. నన్ను నీళ్లడిగి మింగింది. నోరు తెరిచి కొడుక్కి చూపించింది.

"మింగిన. మేడం గూడ సూశింది. ఇగ నాకు వొయ్యి."

"అమ్మా..."

"ఊరందరికి వోస్తివి. నాకు వొయ్యవా కొడుకా?"

ఆయన చిన్న గ్లాసు తీశాడు. డాక్టరమ్మ చెప్పినంత వరకే పోసి, తల్లి చేతికి అందించాడు. ఆమె ఎత్తిన గ్లాసు దించకుండా తాగేసింది. ముఖమంతా ముడుచుకుపోయింది. కళ్లు తెరిచి కొడుకు వైపు చూసింది.

"నువ్వు బాధపడ్తవని ఎన్నడు జెప్పలే గని, గిది మస్తు చేదున్నదిరా" అంది.